పలుకులో దొరకని పరిమళం

కెమిస్ట్రీ ప్రాక్టికల్ పరీక్షలో ప్రతి విద్యార్థికీ పేరు రాయని సీసా ఒకటి ఇస్తాం. లోపలున్నదేమిటో వాళ్లే తేల్చాలి. మూత తీసి ముక్కుకు ఆనించుకోవద్దని ఏడాది పొడుగునా చెబుతూనే ఉంటాం. పాతికేళ్ల కిందట ఒక మార్చి నెల ఉదయం ఈ పుస్తక రచయిత్రి సరిగ్గా ఆ పనే చేసింది. పరీక్షనాళిక కడగలేదు, షిఫ్ కారకం చుక్క వెయ్యలేదు. మూత తీసి ఒక్కసారి గాలి పీల్చి, జవాబు కాగితం మీద ‘పిస్తా ఐస్‌క్రీం’ అని రాసింది. తర్వాత నాలిక కరుచుకుని, దాన్ని కొట్టేసి, ‘బెంజాల్డిహైడ్’ అని రాసింది. జవాబు ఒప్పే. పద్ధతి తప్పు. నాలుగు మార్కులు కోశాను.

మొన్న సంక్రాంతికి ఈ పుస్తకం అచ్చుప్రతి సంచిలో పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఇప్పుడు తను బొంబాయిలో ఒక సెంట్ల కంపెనీలో పరిమళాలు కూర్చే ఉద్యోగంలో ఉంది. మధ్యలో రెండేళ్లు ఫ్రాన్సులోని గ్రాస్ పట్టణంలో ముక్కుకు చదువు చెప్పించుకుని వచ్చింది. అక్కడ ఈ వృత్తివాళ్లను ‘ముక్కు’ అనే పిలుస్తారు. “ఆ నాలుగు మార్కులూ వడ్డీతో సహా వేసెయ్యండి మాస్టారూ, ముందుమాట రూపంలో” అంది. మార్కులు వెయ్యను. పద్ధతి ఇప్పటికీ తప్పే. ముందుమాట వేరే సంగతి; అది పుస్తకం సంపాదించుకుంది.

నిజం చెప్పాలంటే నేను సెంటు పూసుకునే మనిషిని కాను. మా పెళ్లికి ఎవరో ఇచ్చిన సీసా ఇంకా బీరువాలో సగం నిండుగానే ఉంది. ముప్పై నాలుగేళ్లు కర్బన రసాయనశాస్త్రం చెప్పాను గనక అణువుల పేర్లు తెలుసు. వాటి వాసనలు మాత్రం నాకు ప్రయోగశాల వాసనలే. పిస్తా ఒక్కదాని మీద రెండు వందల పుటలు ఏం రాశావమ్మా అని అడిగాను కూడా. నవ్వి ఊరుకుంది. చదివాక నేను అడిగిన ప్రశ్నకు నేనే సిగ్గుపడ్డాను.

మన ఇళ్లల్లో పిస్తా ముందుగా రంగు. పట్టుచీరల కొట్లో ‘పిస్తా రంగులో చూపించు బాబూ’ అని అడిగే ఇల్లాళ్లలో చాలామంది, నా చిన్నతనంలోనైతే, పిస్తా పలుకును కళ్లారా చూసి ఎరగరు. రంగు తర్వాత అది ఒక హోదా: పెళ్లి స్వీటు మీద గోరంత తరుగు, లెక్కపెట్టి చల్లినట్టు. వాసనగా మనకు తెలిసింది ఆఖరున, అదీ ఐస్‌క్రీం పుణ్యమా అని, లేకపోతే వంటింటి అల్మరాలో వెనిల్లా సీసా పక్కన ఉండే బొటనవేలంత పిస్తా ఎసెన్స్ సీసా పుణ్యమా అని. రచయిత్రి మొదటి అధ్యాయమంతా ఈ వరస మీదే రాసింది. రంగుగా పరిచయమైన వస్తువు వాసనను కళ్లతోనే చూస్తామని ఆమె అంటుంది. అదే ద్రవానికి ఆకుపచ్చ రంగు కలిపితే పిస్తా అంటాం, కలపకపోతే బాదం అంటాం. మా ఇంట్లో మనవలిద్దరి మీదా ప్రయోగం చేసి చూశాను. నిజమే.

అసలు రహస్యం ఆమె దాచలేదు. అపరాధ పరిశోధన నవలలో హంతకుడి పేరు మొదటి పుటలోనే చెప్పేసినట్టు, రెండో అధ్యాయం మొదటి వాక్యంలోనే చెప్పేసింది: సెంటు సీసాలో ఉన్న పిస్తా, పిస్తా నుంచి రాలేదు. పలుకులో దగ్గర దగ్గర సగం కొవ్వు. గానుగ ఆడితే మంచి నూనె వస్తుంది, వంటకూ ఒంటికీ పనికొస్తుంది. దాని వాసన మాత్రం చాలా మెత్తన, గది దాటదు. కనౌజ్‌లో రాగి డేగ్‌లో పూలు వేసి, మూతకు మట్టి మెత్తి, వెదురు గొట్టంలోంచి ఆవిరిని భప్కా అనే పాత్రలోకి దించి అత్తరు తీస్తారు. గులాబీ ఆ దారిన వస్తుంది. మన శ్రీకాకుళానికి పొరుగునే గంజాంలో మొగలిపువ్వు ఆ దారినే వస్తుంది. పిస్తా పలుకులు అదే డేగ్‌లో వేస్తే ఉడికిన పప్పు మిగులుతుంది. ఆవిరి ఎగరేసుకుపోగల తేలికైన సరుకు పలుకులో అంత తక్కువ.

కాబట్టి పిస్తా పరిమళం అంటే ఒక కూర్పు. పాశ్చాత్యులు ‘అకార్డ్’ అనేదానికి ఆమె ‘పొత్తు’ అని వాడింది. ఆ మాట దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు సంతోషించాను. కందకు బచ్చలి కుదిరినట్టు, రెండూ కలిసి మూడోది అవడమే పొత్తు. ఈ ఆలోచన మనకు కొత్తదీ కాదు. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తి అని ఒక అధ్యాయమే పెట్టాడు. యుక్తి అంటేనే కలపడం. పదహారు ద్రవ్యాలు గళ్లలో అమర్చుకుని నాలుగేసి చొప్పున ఎంచుకోమంటాడు. పదహారింటిలో నాలుగు ఎంచే తీర్లు 1820; పాళ్లు మార్చుకుంటూ పోతే ఎన్నో రెట్లవుతాయి. లెక్కల మాస్టారికి సుగంధం అప్పజెబితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది ఆ అధ్యాయం. నాకు ప్రీతి.

ఇక పిస్తా పొత్తులో ఎవరెవరున్నారు? పుస్తకంలో నాకు బాగా నచ్చిన భాగాల్లో ఇదొకటి, ఎందుకంటే ఇందులో నా పాత స్నేహితులంతా కనిపించారు. అందరికంటే ముందు బెంజాల్డిహైడ్. చేదు బాదం నూనె ప్రాణం అదే. 1832లో లీబిగ్, వూలర్ అనే ఇద్దరు జర్మన్లు దీన్ని కదిలించి చూసే, ఎన్ని మార్పులు చేసినా విడిపోకుండా కలిసి తిరిగే పరమాణువుల గుంపు ఒకటుందని గమనించారు. కర్బన రసాయనానికి అదొక తొలి మెట్టు. చేదు బాదంలో ఈ వాసనతో పాటు ప్రాణాంతకమైన హైడ్రోజన్ సయనైడూ పుడుతుంది కాబట్టి, విషం తీసేసిన నూనెనే వాడతారు. లేదా పూర్తిగా కర్మాగారంలో తయారు చేస్తారు. మా కాలేజీలో ఈ సీసా మూత సరిగా బిగించని అటెండరు ఒకడుండేవాడు. వేసవి సెలవుల తర్వాత బీరువా తెరిస్తే సీసా మెడ చుట్టూ తెల్లటి స్ఫటికాలు పేరుకుని ఉండేవి. గాలి తగిలి బెంజాల్డిహైడ్ బెంజోయిక్ ఆమ్లం అయిపోయింది. వాసన పోయింది, పటిక మిగిలినట్టు అది మిగిలింది. పిస్తా సెంటులో బాదం చురుకు ఎందుకు ముందుగా ఆరిపోతుందో ఈ అమ్మాయి వివరించినచోట నాకు ఆ బీరువా గుర్తొచ్చింది. తేలికైన అణువు, గాలితో త్వరగా స్నేహం చేసే అణువు. గంటలోపే సెలవు తీసుకుంటుంది.

దాని వెనక నిలబడేది హీలియోట్రోపిన్. దీని అసలు పేరు పైపరోనాల్. పేరు వింటే మిరియం ఘాటు తగలడం లేదూ? మిరియాల్లోని పైపరిన్‌ను విడగొట్టే క్రమంలోనే పందొమ్మిదో శతాబ్దంలో ఇది తొలిసారి చేతికొచ్చింది. మిరియపు కారం కడుపున ఇంత మెత్తటి, పొడి పొడిగా, పాలూ బాదమూ కలిసినట్టుండే వాసన పుట్టిందంటే నా విద్యార్థులెవరూ నమ్మేవారు కాదు. 1912లో గెర్లాన్ వాళ్ల లెర్ బ్లూ అనే సెంటుకు ఆ మునిమాపు మెత్తదనం ఇచ్చిన వాటిలో ఇదొకటి. పిస్తాకు ‘పలుకుదనం’ ఇచ్చేది ఇదే అంటుంది రచయిత్రి: నమిలితే పిండిలా మారే ఆ గుణం ముక్కుకు తెలిసేది దీనివల్లనే.

తర్వాత వెనిలిన్, కూమరిన్. వెనిలిన్‌ను 1874లో టీమన్, హార్మన్ దేవదారు జాతి చెట్టు రసంలోని పదార్థం నుంచి తయారు చేశారు. కూమరిన్‌ను 1868లో పెర్కిన్, అదే ఊదారంగు కనిపెట్టిన పెర్కిన్, ప్రయోగశాలలో కూర్చాడు. ఇవి రెండూ వచ్చాకే ఆధునిక సెంటు పుట్టింది: 1882లో కూమరిన్‌తో ఫూజెర్ రాయల్, 1889లో వెనిలిన్ కూడా చేర్చుకుని జికీ. పిస్తా పొత్తులో వెనిలిన్‌తో ఒక చిక్కుంది. అది ఉన్న ద్రవం నెలలు గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది. ఆకుపచ్చగా ఉంటే తప్ప జనం పిస్తా అని నమ్మరు; కమ్మగా ఉండాలంటే వెనిలిన్ కావాలి; వెనిలిన్ ఉంటే ఆకుపచ్చ నిలవదు. కూర్పరుల కష్టాల మీద రాసిన ఈ పుట చదివి నవ్వుకున్నాను. చాలా సీసాలు అద్దానికే రంగు వేసి గట్టెక్కుతాయట.

కొవ్వు సంగతి లాక్టోన్లు చూసుకుంటాయి. వాటిలో ఒకదాన్ని ఈ వ్యాపారంలో ఇప్పటికీ ‘ఆల్డిహైడ్ సి-18’ అంటారు. అది ఆల్డిహైడూ కాదు, అందులో పద్దెనిమిది కర్బనాలూ లేవు, ఉన్నవి తొమ్మిది. వాసన కొబ్బరిది. ఇలాంటి పేరు పరీక్షలో రాస్తే నేను సున్నా వేసేవాణ్ణి. వందేళ్లుగా వ్యాపారం దాంతోనే నడుస్తోంది. వేయించిన పప్పు కమ్మదనం పైరజీన్లది. పప్పు వేగేటప్పుడు చక్కెరలూ ఆమినో ఆమ్లాలూ కలిసి చేసే పని అది, 1912లో మయార్ వర్ణించిన చర్య. పైరజీన్లు సూదిమొనంత చాలు. చెయ్యి కాస్త జారితే సెంటు కాస్తా బఠాణీల బండి అయిపోతుంది. ఉప్పు పిస్తా అనిపించాలంటే మరో తిప్పలు. ఉప్పుకు వాసన లేదు. సముద్రపు గాలిని గుర్తుచేసే అణువులు రెండు చుక్కలు వేసి, ఉప్పు ఉందని ముక్కును ఒప్పించాలి.

ఇంతవరకు చెప్పినవన్నీ పొందికగా కలిపితే వచ్చేది మంచి బాదం మిఠాయి. పిస్తా కాదు. ఆ మిగిలిన వీసమెత్తు తేడా ఏమిటన్నదే ఐదో అధ్యాయం. ఈ పుస్తకాన్ని తెలుగులో, తెలుగువాళ్లే రాయాల్సిన పుస్తకం చేసింది ఆ అధ్యాయమే.

గ్రాస్‌లో ఉండగా ఆమెకు ఒక పరీక్ష పెట్టారు. వేయించని, ఉప్పు తగలని పచ్చి పిస్తా కాయలు, పై తొక్కతో సహా ఇచ్చి, వాసన రాయమన్నారు. తోటివాళ్లు దేవదారు అని, రోజ్‌మేరీ అని, వార్నిష్ అని రాశారు. ఈమె కాసేపు మాట దొరక్క ఉండి, చివరికి తెలుగులో రాసింది: ‘ఆవకాయ కాయ ముచ్చిక తుంచినప్పటి సొన.’ పరీక్ష పెట్టినాయనకు సొన అంటే ఏమిటో చెప్పడానికి ఆ సాయంత్రమంతా పట్టిందట. చెప్పాక ఆయన ఒప్పుకున్నాడు, ఎందుకంటే శాస్త్రం కూడా ఆ మాటే అంటుంది. పచ్చి పిస్తా వాసనలో పెద్ద భాగం ఆల్ఫా-పైనీన్, లిమొనీన్, టెర్పినోలీన్ వంటి టెర్పీన్లది. మామిడి సొన వాసనా టెర్పీన్లదే; పాళ్లు రకాన్ని బట్టి మారతాయి. అందుకే చిన్నరసం సొన ఒకలా, కొత్తపల్లి కొబ్బరి సొన ఇంకోలా ఉంటుంది.

ఈ పోలిక కాకతాళీయం కాదు. పిస్తా, మామిడి, జీడిమామిడి ఒకే కుటుంబం. సారపప్పు కూడా. ఆ కుటుంబానికి వృక్షశాస్త్రం ‘అనకార్డియేసీ’ అని నోరు తిరగని పేరు పెట్టింది. మన భాషకు ఆ చుట్టరికం ఎప్పుడో తెలుసంటుంది రచయిత్రి. మామిడి టెంక పగలగొడితే లోపలున్నది జీడి. జీడిమామిడికి కాసేది జీడిపప్పు. బట్టలకు గుర్తులు పెట్టేది నల్లజీడి. మూడింటికీ ఒకే మాట. మూడింటి రసమూ ఒంటికి పడదు, పొక్కుతుంది. జీడిపప్పు పడనివాళ్లకు తరచుగా పిస్తా కూడా పడకపోవడానికి కారణం ఈ రక్తసంబంధమే. ముప్పై నాలుగేళ్లలో ఆ ‘జీడి’ అనే మాటను నేను ఒక్కసారీ ఇలా చూడలేదు. శిష్యురాలి దగ్గర నేర్చుకున్నానని రాయడానికి నాకేమీ నామోషీ లేదు.

సొన సంగతి తెలిసిన ముక్కుతో ఆమె పిస్తా పండే ఊళ్లు తిరిగింది. సిసిలీలో ఎట్నా అగ్నిపర్వతం పాదాన, నల్లటి లావా రాళ్ల మధ్య, బ్రొంతే అనే ఊరుంది. అక్కడ పిస్తాను టెరెబింత్ అనే దాయాది చెట్టు మొదలుకు అంటు కడతారు. ఏడాది విడిచి ఏడాది, బేసి సంవత్సరాల్లోనే కోత. టర్కీలోని గాజియాంతెప్‌లో బక్లావా కోసం కాయను పూర్తిగా పండనివ్వరు. ముందే కోసి, ముదురాకుపచ్చగా ఉన్న పలుకునే వాడతారు, దాన్ని ‘బోజ్ ఇచ్’ అంటారు. లేత పలుకులో పసరెక్కువ, తీపి తక్కువ. సెంట్లవాళ్లు వెతుక్కునే పిస్తా అదీ. ఇరాన్‌లో చెట్టు మీదే పెంకు విచ్చుకున్న కాయను ‘ఖందాన్’ అంటారు, నవ్వే పిస్తా అని. అమెరికా కథ ఆమె రెండు పేరాల్లో ముగించింది: 1929లో వైట్‌హౌస్ అనే శాస్త్రజ్ఞుడు పర్షియా వెళ్లి, ఆరు నెలలు తిరిగి, దాదాపు తొమ్మిది కిలోల గింజలు తేవడం, వాటిలోంచి కెర్మాన్ అనే రకం నిలదొక్కుకోవడం, ఇవాళ ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పండించేది అమెరికాయే కావడం. ఆ కథ ఇంకాస్త చెప్పి ఉండాల్సింది.

దాయాదుల అధ్యాయం మాత్రం తీరుబడిగా రాసింది. పిస్తా పలుకు నుంచి పరిమళం రాకపోయినా, దాని జాతి చెట్ల జిగురు మాత్రం మూడు వేల ఏళ్లకు పైగా పరిమళ ద్రవ్యమే. 1982లో టర్కీ తీరాన ఉలుబురున్ దగ్గర స్పాంజిల కోసం మునిగినవాడికి ఒక మునిగిన ఓడ దొరికింది. క్రీస్తుకు పూర్వం పద్నాలుగో శతాబ్దం నాటిది. అందులో నూట యాభై దాకా జాడీల్లో టెరెబింత్ జిగురు, సుమారు ఒక టన్ను. మనం రంగులు కలుపుకునే టర్పెంటైన్‌కు ఆ పేరు వచ్చింది ఈ టెరెబింత్ నుంచే. ఆదికాండంలో యాకోబు ఐగుప్తుకు పంపిన కానుకల్లో పిస్తా ఉంది.

గ్రీసుకు చెందిన కియోస్ ద్వీపంలో, అదీ దక్షిణాన ఇరవై నాలుగు ఊళ్లలోనే, పిస్తాకు పినతల్లి కూతురులాంటి చెట్టు నుంచి మస్తకి తీస్తారు. వేసవిలో చెట్టు కింద నేల ఊడ్చి, తెల్లటి సున్నపు పొడి పరిచి, బెరడు మీద సన్నగా గాట్లు పెడతారు. జిగురు కన్నీటి బొట్లుగా రాలి, రెండు మూడు వారాల్లో గట్టిపడుతుంది. ఆ పనితనాన్ని 2014లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. ఇదంతా ఎక్కడో పరాయి ముచ్చట అనుకోకండి. హైదరాబాదులో యునానీ మందుల కొట్టుకు వెళ్లి ‘రూమీ మస్తకీ’ అనండి, పొట్లం కట్టి ఇస్తాడు. ఆయుర్వేద దినుసుల కొట్లో దొరికే కర్కాటకశృంగి, పసిపిల్లల దగ్గుకిచ్చే బాలచాతుర్భద్ర చూర్ణంలో పడేది, హిమాలయాల్లోని పిస్తా జాతి చెట్టు ఆకుల మీద పురుగు కట్టిన కొమ్ములాంటి బుడిపె. మా అమ్మ నాకు తేనెలో రంగరించి నాకించిన మందులో పిస్తా చుట్టం ఉందని డెబ్బై ఆరో ఏట తెలిసింది.

ఇప్పటి సెంట్ల గురించిన అధ్యాయం మీద నేను మాట్లాడితే బాగుండదు. వాటిలో ఒక్కటీ నేను చూడలేదు. 1992లో ఏంజెల్ అనే సెంటు పీచుమిఠాయి వాసన వేసే ఈథైల్ మాల్టాల్‌ను పచౌలీతో కలిపి తిండివాసనల యుగం తెరిచిందని, ఆ దారినే ముప్పై ఏళ్లకు పిస్తా వంతు వచ్చిందని చెబుతుంది. బ్రూక్లిన్‌కు చెందిన డి.ఎస్. అండ్ దుర్గా వాళ్లు 2021లో ‘పిస్తాషియో’ అనే పేరుతోనే సెంటు తెచ్చారు. ఏలకులు, వేయించిన బాదం, వెనిల్లా మీగడ అందులో పిస్తాకు తోడు. ఏలకు ఆ పొత్తులో చేరడం మన పిస్తా కుల్ఫీ తిన్నవాళ్లకెవరికీ వింతగా ఉండదు. తర్వాత దుబాయ్ చాక్లెట్ పుణ్యమా అని ప్రపంచమంతా పిస్తా వెర్రి పట్టుకుంది. ఆ వెర్రి తగ్గాక కూడా ఈ పుస్తకం పనికొస్తుంది.

భాష గురించి చెప్పకపోతే అన్యాయం. సెంట్ల మీద తెలుగులో రాయాలంటే ఇంగ్లీషు మాటల్ని తెలుగు లిపిలో ఎత్తిపొయ్యడం ఒక్కటే దారి అనుకునేవాణ్ణి. ‘గ్రీన్ నోట్’ అనేదానికి ఈమె ‘పసరు’ అంది. అంతకు మించిన మాట ఉందా? ఆకు నలిపితే వచ్చేది పసరు. పప్పు పాతబడితే వచ్చేది ముక్కిన వాసన. ఈ రెండింటికీ మధ్య వెంట్రుకవాసి తేడా అని రాసి, రసాయనం చూపించింది: కొవ్వు గాలి సోకి చెడినప్పుడు పుట్టే హెక్సనాల్, తక్కువ పాళ్లలో పచ్చగడ్డి పసరులా ఉంటుంది, ఎక్కువైతే ముక్కిన పప్పు. కూర్పరి నడవాల్సింది ఆ గీత మీదే. కమరు, మాడు, నీచు, చిలుము, కమ్మన, వగరు వాసన అన్నీ తమ తమ చోట్ల పనిలో దిగాయి. సెంటులో మొదట తగిలేదీ, మధ్యలో నిలిచేదీ, చివరిదాకా ఉండేదీ అన్న మూడింటికి పై వాసన, నడి వాసన, అడుగు వాసన అని పెట్టింది. మూడోదానికి మా ఆవిడ ఒప్పుకోలేదు. అడుగు వాసనంటే అడుగంటిన పాలే గుర్తొస్తాయంది. రచయిత్రి ఆలోచించుకోవాలి.

తగాదా లేని ముందుమాట ముందుమాట కాదు. నాకున్నవి రెండు. మూడో అధ్యాయంలో మన వంటింటి పిస్తా ఎసెన్స్ సీసాను ‘పచ్చి మోసం’ అని తిట్టిపోసింది. ఏమ్మా, నువ్వు బొంబాయిలో లక్షల ఖరీదు చేసే తూనికల మీద కలుపుతున్నది మాత్రం ఏమిటి? అదే బెంజాల్డిహైడ్, అదే వెనిలిన్. నీది పొత్తు, వాడిది మోసమా? ఆ సీసావాడు పసరు కలపలేకపోయాడు, అంతే. నాలుగు దినుసులతో, నాలుగు రూపాయల్లో, పలుకు కొనలేని ఇంటికి ఒక వాసన చేర్చాడు. పరీక్షనాడు నీ ముక్కు ఆనవాలు పట్టింది ఆ సీసావాడు నేర్పిన పిస్తానే. రెండో ముద్రణలో ఆ పేరా తీసెయ్యాలి.

రెండోది, చార్మినార్ చుట్టుపక్కల అత్తరు కొట్లకు ఒకే ఒక్క పుట ఇవ్వడం. కియోస్ దాకా పోయి చెట్టు కింద సున్నపు పొడి ముట్టుకుని వచ్చిన మనిషి, మదీనా కూడలి దాటి నాలుగు అడుగులు వేసి, చేతి వెనక అత్తరు రాసి ‘చూడండి సాబ్’ అనే ఆ ముసలివాళ్లతో ఒక రోజు కూర్చోలేదా? గంధపు నూనెలో ఏది ఎంతసేపు నిలుస్తుందో వాళ్లకు తెలిసినంత ఏ పరికరానికీ తెలియదు. ఈ లోటు ఆమెకు తెలుసు. అడిగితే తల దించుకుంది.

చదువరులకు ఒక హెచ్చరిక. చివర అనుబంధంలో పిస్తా పొత్తు పాళ్లు ఇచ్చింది. ఉత్సాహం కొద్దీ దినుసులు కొనడానికి బయల్దేరకండి. హీలియోట్రోపిన్‌ను మత్తుపదార్థాల తయారీకి మళ్లిస్తారన్న కారణంగా 1988 ఐక్యరాజ్యసమితి ఒడంబడిక నిఘా జాబితాలో పెట్టింది. అనుమతి లేనివాళ్ల చేతికి అది రాకూడదు. పాళ్లు చదివి, ఊహించుకుని, ఊరుకోండి.

మిగతా పుస్తకమంతా ఎప్పుడు చదివినా ఫరవాలేదు గానీ, ఐదో అధ్యాయం మాత్రం మామిడికాయల రోజుల్లో చదవమని నా మనవి. ఉప్పు వెయ్యని, వేయించని పిస్తా నాలుగు పలుకులు దగ్గర పెట్టుకోండి. ఒక పచ్చికాయ ముచ్చిక తుంచి సొన వాసన చూడండి. ఆ వెంటనే ఒక పలుకు కొరికి, నోరు మూసుకుని, ముక్కుతో గాలి వదలండి. పుస్తకం మాత్రం కాస్త దూరంగా పెట్టుకోండి. సొన మరక కాగితం మీంచి పోదు.

రాజమహేంద్రవరం
ఉగాది